క్యాన్సర్ వచ్చి తగ్గిన తర్వాత ఆరోగ్య బీమా: ఏడాదిన్నరగా వాడుతున్న పాలసీ గురించి, దాన్ని ఇప్పించిన సలహాదారు గురించి

క్యాన్సర్ చికిత్స చేయించుకుని కోలుకున్నవారి కోసమే రూపొందించిన ఒక ఆరోగ్య బీమా పాలసీని నేను 2024 ఆగస్టులో తిరుపతిలో తీసుకున్నాను. ఇప్పటికి ఒకసారి రెన్యువల్ చేశాను, ఒకసారి క్లెయిమ్ కూడా చేశాను. ఆ పాలసీ ఎలా ఉందో, దాన్ని ఇప్పించిన సలహాదారు ఎలా పని చేశారో, అక్కడికి చేరేలోపు నేను తలుపు తట్టిన మిగతా చోట్ల ఏం జరిగిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కంపెనీల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందులు ఏదో ఒక శాఖలో ఒక్క ఉద్యోగి వల్ల కలిగినవి కావచ్చు. మేలు చేసిన సలహాదారు కూడా తన పేరు బయట పెట్టవద్దని కోరారు.

నా వయసు 48. బైరాగిపట్టెడలో ఉంటాము. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. 2020 జనవరిలో ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది, బయాప్సీలో రెండో దశ క్యాన్సర్ అని తేలింది. ఫిబ్రవరిలో ఇక్కడి స్విమ్స్ ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగింది. కీమో మొదలైన కొద్ది రోజులకే లాక్‌డౌన్ వచ్చింది. కొండ మీద దర్శనాలు ఆగిపోయి, అలిపిరి రోడ్డులో ఒక్క యాత్రికుడు కూడా కనిపించని ఆ రోజుల్లో మా ఆయన స్కూటరు వెనక కూర్చుని, పోలీసులు ఆపిన ప్రతిచోటా ఆస్పత్రి చీటీ చూపించుకుంటూ వెళ్లివచ్చాను. ఆ తర్వాత రేడియేషన్, ఐదేళ్లపాటు రోజుకొక హార్మోను మాత్ర. అప్పటికి మాకు ఆరోగ్య బీమా లేదు. కుటుంబ ఆదాయం ఆరోగ్యశ్రీ పరిమితికి కొంచెం పైన ఉండటం వల్ల ఆ పథకం కూడా వర్తించలేదు. రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ముందుగానే తీసేశాము, నా గాజులు, హారం తాకట్టు పెట్టాము. అందువల్ల ఒంట్లో శక్తి తిరిగి వచ్చాక నాకు మొదట వచ్చిన ఆలోచన బీమా గురించే. ఆ ఖర్చు మరొకసారి మోసే శక్తి మా ఇంటికి లేదు.

2021లోనూ 2022లోనూ అడిగిన ప్రతిచోటా మాట పూర్తికాకముందే కాదన్నారు. 2024 ఏప్రిల్ నుంచి నిబంధనలు మారాయని తెలిసి మళ్లీ ప్రయత్నం మొదలుపెట్టాను. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ ఏడాది చేసిన మార్పులలో నాలాంటివారికి ముఖ్యమైనవి మూడు ఉన్నాయి. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు పెట్టగల వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బు ఖర్చును కంపెనీ చెల్లించని మొదటి కాలం, గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. పాలసీ అంతరాయం లేకుండా కొనసాగితే, విషయం చెప్పలేదనే కారణంతో క్లెయిమును ప్రశ్నించే వీలు ఎనిమిదేళ్ల తర్వాత కాక ఐదేళ్ల తర్వాతే ముగిసిపోతుంది. మోసం రుజువైతే మాత్రం ఈ రక్షణ ఉండదు. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వనక్కరలేదనే వెసులుబాటు కూడా పోయింది. ఈ మార్పులతో ప్రతి కంపెనీ ప్రతి ఒక్కరికీ పాలసీ ఇచ్చి తీరాలని కాదు. ప్రతిపాదనను పరిశీలించి కాదనే హక్కు కంపెనీకి ఇప్పటికీ ఉంది. నేను కూడా మొదట దీన్ని తప్పుగానే అర్థం చేసుకున్నాను.

మొదట కలిసింది మా వీధిలోనే ఉండే ఒక ఏజెంటును. మంచి అబ్బాయి, పిలవగానే ఇంటికి వచ్చాడు. ప్రపోజల్ ఫారంలో పాత జబ్బుల గురించి ఉన్న ప్రశ్నల దగ్గరికి రాగానే పెన్ను పక్కన పెట్టి, “అక్కా, ఇవన్నీ ఎందుకు రాయడం, అన్నిటికీ లేదు అని పెట్టేద్దాం. ఐదేళ్లు గడిచిపోతే ఎవరూ అడగరు” అన్నాడు. అతను చెప్పిన ఐదేళ్ల లెక్క పైన చెప్పిన నిబంధనదే. ఆపరేషన్ చేయించుకుని, రోజూ మాత్ర వేసుకుంటూ, జబ్బే లేదని సంతకం పెట్టడాన్ని తెలియక జరిగిన పొరపాటు అని ఎవరూ అనుకోరు. పైగా నాకు బీమా అవసరం పడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ మొదటి ఐదేళ్లలోనే. ఆస్పత్రిలో చేరిన మొదటి గంటలోనే డాక్టరు “గతంలో ఏం ఆపరేషన్లు జరిగాయి?” అని అడిగి కేస్ షీటులో రాస్తారు, ఆ కాగితమే కంపెనీకి వెళుతుంది. కట్టిన ప్రీమియం పోవడమే కాకుండా, బిల్లు చేతిలో పట్టుకుని నిలబడిన రోజున పాలసీ లేదని తెలుస్తుంది. ఇలా నష్టపోయిన ఒక కుటుంబాన్ని కీమో వార్డులో నేను దగ్గరగా చూశాను. ఆ అబ్బాయికి ఫారం తిరిగి ఇచ్చేశాను.

రెండోసారి ఒక కంపెనీ కాల్ సెంటరు ద్వారా నేరుగా ప్రయత్నించాను. దాచకుండా అన్నీ చెప్పాను. టెలీ మెడికల్ కాల్‌లో ఒక డాక్టరు ఇరవై నిమిషాలు మాట్లాడి, ఏ సంవత్సరం, ఏ దశ, ఎన్ని కీమోలు, ఇప్పుడు వాడే మందు ఏది అని ఓపికగానే అడిగారు. వారం తర్వాత ఫోనులో “మేడమ్, మీ ప్రపోజల్ రిజెక్ట్ అయింది” అన్నారు. కారణం అడిగితే కంపెనీ విధానం అన్నారు. తిరస్కరణను కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధనను గుర్తుచేసి మూడు ఈమెయిళ్లు పంపాక, హార్మోను చికిత్స ఇంకా కొనసాగుతున్నందున అని ఒక వాక్యం రాసి పంపారు. ఆ ఒక్క వాక్యం తర్వాత నాకు చాలా ఉపయోగపడింది. ‘క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఇవ్వం’ అన్నదానికి మందు ముగిశాక మళ్లీ అడిగే దారి లేదు. ‘మందు వాడుతున్నందున’ అన్నదానికి ఆ దారి ఉంది.

మూడో ప్రయత్నం కె.టి. రోడ్డు వైపు చిన్న కార్యాలయం పెట్టుకుని పని చేసే ఒక సలహాదారు దగ్గర. ఆయన దగ్గరికి నన్ను పంపింది ఫాలో-అప్‌కు వచ్చినప్పుడు పరిచయమైన పీలేరు ఆవిడ. ఆయనకు యాభై దాటి ఉంటాయి. మొదటి రోజు ఫారం బయటికి తీయనే లేదు. “అమ్మా, ముందు మీ ఫైలు చూడనివ్వండి” అని అరగంట సేపు ఒక్కొక్క కాగితం తిరగేశారు. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ తర్వాత వచ్చిన హిస్టోపాథాలజీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, కీమో చార్టు, రేడియేషన్ పూర్తయినట్టు ఇచ్చిన పత్రం, ఏటా చేయించిన మామోగ్రాములు, అన్నీ తేదీల వారీగా పెట్టించారు. నా దగ్గర లేని రేడియేషన్ పత్రం కోసం ఆస్పత్రి రికార్డుల విభాగంలో దరఖాస్తు ఎలా రాయాలో చెప్పారు. నాకు చూసే క్యాన్సర్ డాక్టరు నుంచి ఒక ఉత్తరం తీసుకురమ్మన్నారు. జబ్బు ఏ దశలో కనిపించింది, చికిత్స ఎప్పుడు ముగిసింది, ఇప్పటి స్థితి ఏమిటి, వాడుతున్న మందు ఏది, ఎప్పటివరకు వాడాలి అన్న ఐదు విషయాలూ ఒకే పేజీలో ఉండాలన్నారు. డాక్టరుగారు ఓపీ రద్దీలోనే ఆ ఉత్తరం రాసి ఇచ్చారు. దానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆయన చేసిన పనిలో అన్నిటికంటే విలువైనది తర్వాతిది. ప్రతి ప్రపోజల్ ఫారంలోనూ “ఇంతకు ముందు ఏదైనా కంపెనీ మీ ప్రతిపాదనను తిరస్కరించిందా, వాయిదా వేసిందా, ఎక్కువ ప్రీమియం అడిగిందా” అనే ప్రశ్న ఒకటి ఉంటుంది. దొరికిన ప్రతి కంపెనీకీ ఫారం నింపి పంపుతూ పోతే, ఒక్కొక్క తిరస్కరణా తర్వాతి ఫారంలో అవునని రాయవలసిన ఒక మచ్చగా మిగులుతుంది. అందుకని ఆయన ఫారం పెట్టకుండానే, నా పేరు కనబడకుండా చేసిన రిపోర్టులను మూడు కంపెనీలలో ప్రతిపాదనలను పరిశీలించి నిర్ణయించే అండర్‌రైటింగ్ విభాగాలకు పంపి, ఇటువంటి కేసును పరిశీలిస్తారా అని ముందే అడిగారు. ఒకరు కుదరదన్నారు. ఇద్దరు పరిశీలిస్తామన్నారు. నా నుంచి అప్పటివరకు ఒక్క రూపాయి తీసుకోలేదు, ఆ తర్వాత కూడా విడిగా ఫీజు అడగలేదు.

ఆ ఇద్దరి నుంచి వచ్చిన ప్రతిపాదనలు పూర్తిగా వేరు. మొదటిది పది లక్షల మామూలు పాలసీ, ప్రీమియం తక్కువే, కానీ క్యాన్సర్‌ను శాశ్వతంగా మినహాయిస్తామని, దానికి నేను సమ్మతి సంతకం పెట్టాలని షరతు. రెండోది క్యాన్సర్ చికిత్స అయినవారికే ఉద్దేశించిన ఐదు లక్షల పాలసీ. ఇందులో ప్రమాదాలకు మొదటి రోజు నుంచే, మామూలు జబ్బులకు మొదటి నెల గడిచాక రక్షణ మొదలవుతుంది. క్యాన్సర్ తిరగబెడితే అయ్యే ఖర్చుకు మాత్రం 30 నెలల తర్వాత రక్షణ మొదలవుతుంది. మా ఆయన మొదటిదే మేలని వాదించారు. పది లక్షలు ఎక్కడ, ఐదు లక్షలు ఎక్కడ అని ఆయన లెక్క. నేను నిద్రలేచి కూర్చున్న రాత్రులన్నీ ఆ ఒక్క జబ్బు గురించే అయినప్పుడు, దాన్నే వదిలేసిన పాలసీకి డబ్బు కట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. సలహాదారు ఏ వైపూ లాగలేదు. రెండింటి వివర పత్రాలనూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట్ల పెన్సిలుతో గీత గీసి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రమ్మన్నారు. పాలసీ చేతికి అందాక కూడా నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చని ఆయనే చెప్పారు.

పాలసీలో లోటుపాట్లు ఉన్నాయి. నా వయసు మనిషి మామూలు పాలసీకి కట్టేదానికి దాదాపు రెట్టింపు ప్రీమియం, దాని మీద అప్పట్లో 18 శాతం జీఎస్టీ. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు. నా రెన్యువల్ ఆగస్టులో పడటం వల్ల ఆ లాభం నాకు 2026 నుంచే అందుతుంది. గది అద్దెకు పరిమితి ఉంది. ఆ పరిమితి దాటిన గదిలో చేరితే గది అద్దె తేడాతో ఆగకుండా, డాక్టరు ఫీజు వంటి ఇతర ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పెడతారు. ఈ సంగతి చాలామందికి డిశ్చార్జి రోజున తెలుస్తుంది. ఐదు లక్షలు క్యాన్సర్ చికిత్సకు చాలవని ఒకసారి ఆ దారిన నడిచిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఏమీ లేకుండా గాజులు తీసి ఇచ్చిన ఇల్లాలికి ఐదు లక్షలు కొండంత అండ.

2024 నవంబరులో, ఈశాన్య రుతుపవనాల వానలకు ఊరంతా జ్వరాలు వచ్చినప్పుడు, నాకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి నాలుగు రోజులు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నాను. క్యాష్‌లెస్ అభ్యర్థనపై, అంటే బిల్లును కంపెనీయే నేరుగా ఆస్పత్రికి చెల్లించాలని కోరినప్పుడు, గంటలోపు నిర్ణయం చెప్పాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. ఆస్పత్రి బీమా కౌంటరు నుంచి ఉదయం 11 గంటలకు అభ్యర్థన వెళితే, మధ్యాహ్నం ఒంటిగంటకు అనుమతికి బదులు ఒక ప్రశ్న వచ్చింది. ప్లేట్‌లెట్లు తగ్గడానికీ పాత క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని. ప్రశ్న అన్యాయమైనది కాదు. కానీ డెంగీ పరీక్ష ఫలితం మొదటి కాగితాల్లోనే ఉంది, దాన్ని చూసి ఉంటే అడిగే అవసరం రాదు. జ్వరంతో పడుకున్న మనిషికి, పక్కన నిలబడిన భర్తకు, ఆ ఒక్క ప్రశ్న ఎంత భయం కలిగిస్తుందో కంపెనీవారు తెలుసుకోవాలి. సలహాదారుకు ఫోన్ చేస్తే అరగంటలో వచ్చి, డ్యూటీ డాక్టరు చేత రెండు వాక్యాల వివరణ రాయించి, నా ఫైలులోని తాజా ఫాలో-అప్ రిపోర్టుతో కలిపి పంపించారు. నాలుగున్నరకు అనుమతి వచ్చింది. డిశ్చార్జి రోజున తుది అనుమతి రెండున్నర గంటల్లో వచ్చింది. దానికి ఉన్న గడువు మూడు గంటలు. చేతి తొడుగులు, రిజిస్ట్రేషన్ వంటి చిల్లర ఖర్చులు మాత్రమే మా చేతి నుంచి పడ్డాయి.

అదే ఏడాది ఇంటి రుణం దగ్గర ఎదురైన అనుభవం కూడా చెప్పాలి. జబ్బు తర్వాత బీమా సమస్య బీమా కార్యాలయంతో ఆగదు. కొర్లగుంటలో పాత ఇల్లు ఒకటి కొనడానికి మా ఇద్దరి పేర్లతో ఒక బ్యాంకు శాఖలో దరఖాస్తు చేశాము. మంజూరు అవుతుందనగా రుణానికి జీవిత బీమా తప్పనిసరి అని, ఒకేసారి కట్టే ప్రీమియాన్ని రుణంలో కలిపేస్తామని చెప్పి, ఆరోగ్య ప్రకటన పత్రం ముందు పెట్టారు. అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టమన్నారు. నేను నిజం రాశాను. బీమా రాలేదు. బీమా లేకపోతే రుణం రాదన్నారు. రుణంతో పాటు బీమా తీసుకోమని బ్యాంకు చెప్పవచ్చు, తీసుకోవాలని బలవంతం చేయకూడదు. అందుకని, బీమా లేనందువల్లే రుణం నిరాకరిస్తున్నామని రాసి ఇవ్వమని మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చాము. వారు అలా రాసి ఇవ్వలేదు. పది రోజుల తర్వాత, మా ఆయన ఒక్కరి పేరు మీద బీమాతో, ఇద్దరి పేర్ల మీద రుణం మంజూరైంది. ఆ పది రోజులు పెద్ద మనసున్న ఇంటి యజమాని అడ్వాన్సు వెనక్కి ఇవ్వకుండా ఆగారు కాబట్టి ఇల్లు దక్కింది.

జబ్బుకు ముందు తీసుకున్నవి ఏవైనా ఉంటే వాటిని వదులుకోకూడదని ఈ తిరుగుళ్లలో నాకు బాగా అర్థమైంది. పెళ్లయిన కొత్తలో మా నాన్న కట్టించిన ఎల్ఐసీ పాలసీ ఒకటి నాకు ఉంది. కీమో నెలల్లో దాని ప్రీమియం సంగతి నాకు గుర్తే లేదు. మా ఆయన గడువు తర్వాత ఇచ్చే అదనపు రోజుల్లో వెళ్లి కట్టేశారు. అది ప్రీమియం కట్టక లాప్స్ అయి (ఆగిపోయి) ఉంటే పునరుద్ధరణకు మళ్లీ ఆరోగ్య ప్రకటన ఇవ్వవలసి వచ్చేది. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం జీవిత బీమాను మూడేళ్ల తర్వాత ప్రశ్నించరాదు, కానీ పునరుద్ధరిస్తే ఆ మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తాయి. అలాగే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో 2016 నుంచి ఉన్నాను. ఏటా 436 రూపాయలకు రెండు లక్షల రక్షణ. 50 ఏళ్లలోపు చేరినవారికి 55 వరకు కొనసాగుతుంది. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక అది ఆగిపోయినవారిని మా కళాశాలలోనే ఇద్దరిని చూశాను. ఏప్రిల్ జీతం పడగానే ఆ ఖాతాలో ఒక వెయ్యి విడిగా ఉంచడం నాకు అలవాటైంది.

పాలసీ విషయంలో కంపెనీతో వివాదం వస్తే మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టవచ్చు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. నాకు ఇప్పటివరకు ఆ అవసరం రాలేదు.

పాలసీకి నేను ఐదింటికి మూడున్నర ఇస్తాను. గది అద్దె పరిమితి తీసేసి, బీమా మొత్తం పెంచుకునే వీలు కల్పిస్తే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కంపెనీ క్లెయిమ్ విభాగానికి మూడు. సలహాదారు పనికి ఐదుకు ఐదు. ప్రీమియం చూసి వెనకాడుతున్నవారికి నా మాట ఒకటే. చికిత్స ముగిసి రెండు మూడేళ్లు గడిచి, ఏటేటా ఫాలో-అప్ రిపోర్టులు సరిగా ఉన్నవారు ఇంకో ఏడాది చూద్దామని వాయిదా వేయవద్దు. వెయిటింగ్ పీరియడ్ మీ పాలసీ మొదలైన రోజు నుంచే కరగడం మొదలవుతుంది. నాది 2027 ఫిబ్రవరిలో పూర్తవుతుంది.

నేను అడిగిన టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) మాత్రం ఇంకా తేలలేదు. హార్మోను మాత్రలు ముగిశాక రమ్మని ఒక కంపెనీ వాయిదా వేసింది. అవి 2025 నవంబరులో ముగిశాయి. సంక్రాంతి తర్వాత చేయించిన మామోగ్రామ్ బాగానే ఉంది, డాక్టరుగారు కొత్త ఉత్తరం ఇచ్చారు, సలహాదారు వాటిని కిందటి వారం పంపించారు. జవాబు రాగానే, వారు చెప్పే కారణంతో సహా, ఈ సమీక్ష కిందే రాస్తాను.